ముఖం చూసి రాజును వెతక్కండి: రోమన్ కంచు నాణేన్ని గుర్తుపట్టే పద్ధతి

రోమన్ నాణెం చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని ఒకటే. దాని మీదున్న ముఖాన్ని నెట్‌లో దొరికే చక్రవర్తుల బొమ్మలతో పోల్చడం. గంటసేపు పోల్చి "కాన్‌స్టంటైన్ కావచ్చు, వాలెన్స్ కూడా కావచ్చు" అన్నచోట ఆగిపోతారు. తప్పు వాళ్లది కాదు, పద్ధతిది. క్రీ.శ. నాలుగో శతాబ్దపు నాణేల మీద తండ్రికీ కొడుక్కీ, అన్నకీ తమ్ముడికీ ఒకటే ముక్కు, ఒకటే దవడ, ఒకటే చూపు. అచ్చు చెక్కినవాడికి ఆ మనిషి పోలికతో పనిలేదు, అతని హోదా చూపిస్తే చాలు.

అందుకే ఇక్కడ వరస మారుస్తున్నాను. ముందు కొలత, తర్వాత తల మీద ఏముందో, ఆ తర్వాత వెనకవైపు బొమ్మ, మిగిలిన నాలుగు అక్షరాలు, టంకశాల గుర్తు. ముఖం అన్నింటికంటే చివర. ఈ వరసలో వెళ్తే పేరులో ఒక్క అక్షరం కనిపించని నాణేన్ని కూడా చాలాసార్లు అయిదారేళ్ల వ్యవధిలోకి తేవచ్చు.

ఒక వెసులుబాటు తీసుకుంటున్నాను. నాణెం మీద ఉండేవి లాటిన్ అక్షరాలు. వాటిని మనం ఇంగ్లిషులో పలికే పేర్లతోనే ఎస్, సి, వి అని తెలుగులో రాస్తాను. ఆ నాణేల మీద యు అక్షరం ఉండదు, ఎక్కడ చూసినా దాని స్థానంలో వి ఉంటుంది. జె కూడా లేదు, దాని బదులు ఐ.

ముందు ఇది రోమన్ నాణెమేనా?

బ్రిటన్‌లోనో, జర్మనీలోనో, అమెరికాలోనో ఉండే మనవాళ్లు నాణేల డీలర్ల దగ్గర శుభ్రం చేయని కంచు నాణేల్ని గుత్తగా కొంటుంటారు. వాటిలో ఎక్కువ భాగం మూడు, నాలుగు శతాబ్దాలవే. ఈ వ్యాసం ముఖ్యంగా వాళ్ల కోసం.

ఆంధ్రా, తెలంగాణల్లో పొలం దున్నుతుంటే దొరికిందని ఎవరైనా కంచు నాణెం చూపిస్తే మాత్రం తొందరపడి రోమన్ అనకండి. మన ప్రాంతంలో దొరికిన రోమన్ నాణేల్లో పేరున్నవన్నీ దాదాపు వెండివి, బంగారువి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో దొరికిన పెద్ద నిధి అగస్టస్, టైబీరియస్‌ల వెండి నాణేలది. చివరికాలపు రోమన్ కంచు నాణేలు విరివిగా దొరికేది తమిళనాడులో కరూర్, మధురై వైపు, ఇంకా శ్రీలంకలో. మన పొలాల్లో తగిలే పాత నాణెం శాతవాహనులది అయ్యే అవకాశమే ఎక్కువ. సీసంతోనో, పోటిన్ అనే మిశ్రమ లోహంతోనో చేసి ఉంటుంది. ఒకవైపు ఏనుగు, రెండోవైపు కూడలి గీతల కొసలకు నాలుగు వలయాలున్న ఉజ్జయిని గుర్తు కనిపిస్తే ఇక రోమ్ సంగతి మర్చిపోవచ్చు.

మన దేశంలో భూమిలో దొరికింది ఏదైనా సరే, విలువ 10 రూపాయలు దాటితే 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలపాలి. నూరేళ్లు దాటిన నాణేన్ని దేశం బయటికి పంపడం 1972 నాటి పురావస్తువుల చట్టం కింద నేరం. ఇంగ్లండ్, వేల్స్‌లో మెటల్ డిటెక్టర్ పట్టుకుని తిరిగేవాళ్లకు వేరే లెక్క ఉంది. 300 ఏళ్లు దాటిన కంచు నాణేలు ఒకేచోట 10గానీ అంతకన్నా ఎక్కువగానీ దొరికితే 1996 చట్టం దాన్ని నిధిగా చూస్తుంది, కబురు చెప్పి తీరాలి.

ఇంకో రెండు రకాలను కూడా ఇక్కడే పక్కన పెట్టేయండి. చక్రవర్తి చుట్టూ ఉన్న రాత గ్రీకులో ఉంటే అది సామ్రాజ్యపు తూర్పు నగరాలు తమకోసం వేసుకున్న ప్రాంతీయ నాణెం. దాని పుస్తకాలు వేరు, పద్ధతి వేరు. వెనకవైపు మొత్తాన్ని ఒక పెద్ద ఎమ్ అక్షరమో, కె అక్షరమో ఆక్రమించి ఉంటే 498లో అనస్టేసియస్ చక్రవర్తి నాణేల్లో చేసిన మార్పు తర్వాతిది, దాన్ని బైజాంటైన్ అంటారు.

తోమకండి

ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండుతోనో, నిమ్మచెక్కతోనో నాణేన్ని తోమారంటే గుర్తుపట్టాల్సిన పని ఇక ఉండదు. 1,700 ఏళ్లుగా ఏర్పడిన చిలుము పొర మందంలోనే అక్షరాలు మిగిలి ఉంటాయి. కింద లోహం ఎప్పుడో తినేసి ఉంటుంది. పులుపు ఆ పొరను కరిగిస్తే అక్షరాలూ దాంతోపాటే పోతాయి. మెరిసే గులాబీరంగు బిళ్ల ఒకటి మిగులుతుంది.

చేయాల్సిందల్లా డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం. రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చాలి. మెత్తటి టూత్ బ్రష్‌తో మట్టి మాత్రమే వదిలించాలి. అక్షరాలు చదవడానికి సరిపడా కనిపిస్తే అక్కడితో ఆపేయండి. ముదురు ఆకుపచ్చ, గోధుమ, నలుపు రంగుల్లో గట్టిగా, నున్నగా ఉన్న పొర మంచిదే. లేత పచ్చగా, వేలితో తాకితే పొడి రాలేలా చుక్కలు కనిపిస్తే, గీరేసినా మళ్లీ వస్తుంటే అది జబ్బు. లోహంలోని క్లోరైడ్లు గాలిలో తేమ తగిలినప్పుడల్లా నాణేన్ని తింటున్నాయన్నమాట. అలాంటి దాన్ని మిగతావాటి నుంచి వేరుచేసి, బాగా ఆరబెట్టి, సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉంటే ఇది మరీ ముఖ్యం.

కొలవండి, తూచండి

రెండు వస్తువులు కావాలి. వెర్నియర్ కాలిపర్స్ ఒకటి, గ్రాములో పదో వంతు చూపించే నగల తూకం ఒకటి. కాలిపర్స్ లేకపోతే మన 10 రూపాయల బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లని గుర్తుపెట్టుకోండి, పక్కన పెట్టి చూస్తే స్థూలంగా తెలుస్తుంది.

మొదటి చక్రవర్తి అగస్టస్ స్థిరపరిచిన పద్ధతి మొదటి రెండున్నర శతాబ్దాలు నడిచింది. అందులో పెద్దది సెస్టర్షియస్. ఇత్తడిది, 32 నుంచి 35 మిల్లీమీటర్లు, దాదాపు 25 గ్రాములు, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. మూడో శతాబ్దానికి వచ్చేసరికి ఇది సన్నబడి 20 గ్రాముల కిందికి కూడా దిగింది. దాని కిందది డుపోండియస్, అదీ ఇత్తడే, 27–28 మిల్లీమీటర్లు, 12–13 గ్రాములు. ఆ తర్వాత ఆస్. ఇది రాగిది, డుపోండియస్ అంతే ఉంటుంది, బరువు 10–11 గ్రాములు. క్వాడ్రాన్స్ అనే చిన్న రాగిబిళ్ల 3 గ్రాములే. నాలుగు సెస్టర్షియస్‌లు ఒక వెండి దీనారం, పదహారు ఆస్‌లు ఒక దీనారం.

ఈ తరహా పెద్ద కంచు నాణేలకు ఇంకో ఆనవాలు ఉంది. వెనకవైపు ఎస్, సి అనే రెండు పెద్ద అక్షరాలు బొమ్మకు అటూ ఇటూ గానీ, కిందగానీ ఉంటాయి. సెనేట్ తీర్మానంతో వేసినదని అర్థం. బరువైన బిళ్ల మీద ఈ రెండక్షరాలు కనిపిస్తే మీరు సుమారు 260లకు ముందున్నారని ధీమాగా అనుకోవచ్చు.

తర్వాత వచ్చింది అంటోనినియానస్. 215లో కారకల్లా మొదలుపెట్టినప్పుడు అది వెండిదే. గాలియెనస్, రెండో క్లాడియస్‌ల కాలానికి, అంటే 260ల చివరికి, అందులో వెండి నూటికి అయిదు పాళ్లు కూడా లేదు. అందుకే మన చేతికి కంచు నాణెంలాగే వస్తుంది. 18 నుంచి 22 మిల్లీమీటర్లు, 3 గ్రాముల చుట్టుపక్కల. 274లో ఆరేలియన్ దీన్ని కాస్త బాగుచేశాడు. అప్పట్నుంచి చాలావాటి మీద వెనక అడుగున ఎక్స్-ఎక్స్-ఐ అన్న గుర్తు కనిపిస్తుంది.

294 ప్రాంతంలో డయోక్లీషియన్ కొత్తగా పెద్ద బిళ్ల వేయించాడు. సేకరించేవాళ్లు దాన్ని ఫోలిస్ అంటారు. మన 10 రూపాయల బిళ్లంత, లేదా ఒక మిల్లీమీటరు ఎక్కువ, 10 గ్రాములు. ఇరవయ్యేళ్లు తిరిగేసరికి అది 3 గ్రాములకు పడిపోయింది. 330 నాటికి రెండున్నర, 336 నాటికి ఒకటిన్నర గ్రాముల బుల్లి కాసు. బరువు ఎంత పడిపోయిందో చూస్తే ఏ దశాబ్దమో తెలిసిపోతుంది.

నాలుగో శతాబ్దపు నాణేల్లో చాలావాటికి అప్పటివాళ్లు ఏ పేర్లు పెట్టుకున్నారో తేలలేదు కాబట్టి పరిమాణాన్ని బట్టి, కంచును సూచించే ఎ-ఇ అక్షరాలతో, ఎ-ఇ 1, 2, 3, 4 అని పిలుస్తారు. 25 మిల్లీమీటర్లు దాటితే 1. 21 నుంచి 25 దాకా 2. 17 నుంచి 21 దాకా 3. 17 కంటే తక్కువైతే 4.

తల మీద ఏముంది?

ముఖం కాదు, తల మీదున్నది చూడండి. ఎక్కువగా కనిపించేవి మూడే: ఆకుల దండ, కిరణాల కిరీటం, ముత్యాల పట్టీ.

కిరణాల కిరీటమంటే తల చుట్టూ ముళ్లలా పైకి లేచిన సూర్యకిరణాలు. 27 మిల్లీమీటర్ల, 12 గ్రాముల బిళ్ల మీద ఇది ఉంటే డుపోండియస్ అన్నట్టు. నీరో కాలం నుంచి ఆస్‌కూ దానికీ తేడా తెలియడానికే ఇలా వేశారు. చిలుము పట్టాక ఇత్తడేదో రాగేదో చెప్పలేం కదా, ఈ గుర్తు భలే పనికొస్తుంది. అంచు గీకి లోహం రంగు చూద్దామన్న ఆలోచన మాత్రం పెట్టుకోకండి. అదే కిరీటం 20 మిల్లీమీటర్ల, 3 గ్రాముల బిళ్ల మీద కనిపిస్తే అంటోనినియానస్, అంటే దాదాపు ఖాయంగా 250కీ 295కీ మధ్య. రాణులకు కిరణాలు వేయరు. వాళ్ల భుజాల కింద నెలవంక ఉంటే అదీ అంటోనినియానస్సే.

ముత్యాలో, పూలబిళ్లలో పొదిగిన పట్టీ తల చుట్టూ ఉండి వెనక ముడి వేలాడుతుంటే మీరు 324 తర్వాత ఉన్నారు. కాన్‌స్టంటైన్ దాన్ని ఆ ప్రాంతంలోనే మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో ఆకుల దండ చాలావరకు యువరాజులకే, అంటే సీజర్ హోదా ఉన్న కొడుకులకే మిగిలింది.

గడ్డం గురించి ఒక్క మాట. నిండు గడ్డం హేడ్రియన్‌తో, అంటే 117తో మొదలైంది. కాన్‌స్టంటైన్ మళ్లీ నున్నగా గీయించుకున్నాడు, అతని తర్వాత వాళ్లూ అంతే. ఆ నున్నటి గడ్డాల మధ్య మునిలా గడ్డం పెంచి కూర్చున్నవాడు జూలియన్, 361 నుంచి 363. అతని పెద్ద కంచు నాణెం వెనక ఎద్దు, దాని మీద రెండు చుక్కలు ఉంటాయి. పాత దేవుళ్లను తిరిగి నిలబెట్టాలనుకున్న రాజు కదా, ఆ ఎద్దు దేనికి గుర్తో అన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

బొమ్మ తిప్పి బొరుసు చూడండి

అసలు పని ఇక్కడే. నాలుగో శతాబ్దంలో టంకశాలలన్నీ చాలావరకు ఒకే సమయంలో ఒకే బొరుసును వేసేవి. కొన్నేళ్లకు దాన్ని ఆపి ఇంకోటి మొదలుపెట్టేవి. కాబట్టి బొరుసు బొమ్మే క్యాలెండరు. ఈ కొన్ని బొమ్మలు గుర్తుపెట్టుకుంటే గుత్తగా కొన్నవాటిలో చాలావాటి కాలం చదవకుండానే చెప్పేయొచ్చు.

ఒక చేతిలో పాత్ర, మరో చేతిలో పండ్లు నిండిన కొమ్ము పట్టుకున్న యువకుడు పెద్ద బిళ్ల మీద నిలబడి ఉంటే అది డయోక్లీషియన్ ఫోలిస్. చుట్టూ రాత "గెనియో పొపులి రొమాని". కిరణాల కిరీటంతో సూర్యుడు చెయ్యెత్తి నిలబడితే "సోలి ఇన్విక్టో కొమిటి", కాన్‌స్టంటైన్ తొలిరోజులది. జూపిటర్, కాళ్ల దగ్గర గద్ద ఉంటే ఎక్కువగా కాన్‌స్టంటైన్ తోటి చక్రవర్తి లిసీనియస్‌ది. ఇటుకల వరసల కోట ద్వారం, పైన రెండు బురుజులు, మధ్యలో చుక్క ఉంటే 324–330. ఈ ద్వారం కోసం ప్రాణం పెట్టే సేకర్తలు ఉన్నారు. ఇటుక వరసలు లెక్కపెట్టుకుంటూ రోజులు గడిపేస్తారు.

తర్వాతిది మీ చేతికి తప్పకుండా వచ్చేది. ఈటెలు, డాళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు సైనికులు, మధ్యలో సైన్యపు ధ్వజాలు. రాత "గ్లోరియా ఎక్సెర్కిటుస్". ధ్వజాలు ఎన్నో లెక్కపెట్టండి. రెండుంటే 330–335. ఒకటే ఉంటే 335 నుంచి 341 దాకా. బిళ్ల చిన్నబడింది, రెండు ధ్వజాలకు చోటు చాలలేదు. ఒక్క కర్ర తేడాతో అయిదేళ్లు తేలిపోతాయి.

అదే కాలంలో రాజు పేరు లేకుండా వేసినవి రెండున్నాయి. ఇద్దరు పిల్లలకు పాలిస్తున్న ఆడతోడేలు వెనకవైపు ఉండి, ముందు శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత ఉంటే "ఉర్బ్స్ రోమా". ఓడ ముక్కు మీద నిలబడ్డ రెక్కల విజయదేవత విక్టరీ వెనక ఉండి, ముందు శిరస్త్రాణంతో ఇంకో దేవత ఉంటే "కాన్‌స్టాంటినోపొలిస్". రెండోదాని రాతలో మొదటి అక్షరాలు చూసి కాన్‌స్టంటైన్ అని చీటీ రాసేవాళ్లు కోకొల్లలు. అది రాజు పేరు కాదు, కొత్త రాజధాని పేరు.

రెక్కలున్న దేవతలిద్దరు దండలు పట్టుకుని ఎదురుబొదురుగా ఉంటే 340ల నాటిది. 348లో "ఫెల్ టెంప్ రెపరాటియో" అనే కొత్త వరస వచ్చింది. రోమ్ పుట్టి 1,100 ఏళ్లయిన సంవత్సరమది. అందులో ఓడ నడుపుతున్న చక్రవర్తి, నిప్పుల్లోంచి లేచే ఫీనిక్స్ పక్షి, గుడిసెలోంచి చిన్న మనిషిని చెయ్యిపట్టి తీసుకొస్తున్న సైనికుడు ఉంటారు. అన్నింటికంటే ఎక్కువగా దొరికేది గుర్రం మీంచి కూలుతున్న శత్రువును ఈటెతో పొడుస్తున్న సైనికుడిది. 350లలో దీని నకిలీలు అప్పటి జనమే బోలెడు కొట్టుకున్నారు. 17 మిల్లీమీటర్ల లోపు, మనుషులు అగ్గిపుల్లల్లా, అక్షరాలు అర్థంపర్థం లేకుండా ఉంటే అది ఆ కాలపు నకిలీయే, కానీ పురాతనమైనదే. పారేయకండి. 271 తర్వాత గాల్ (ఇప్పటి ఫ్రాన్స్ వైపు), బ్రిటన్‌లలో అక్కడి పాలకుడు టెట్రికస్ పేరుతో వచ్చిన చిన్నచిన్న కిరణాల నాణేలదీ ఇదే కథ.

చక్రవర్తి ఒక చేత్తో జెండా పట్టుకుని, ఇంకో చేత్తో ఖైదీని జుట్టుపట్టి ఈడుస్తుంటే "గ్లోరియా రొమానోరుమ్", విక్టరీ ఎడమవైపు నడుస్తూ దండ అందిస్తుంటే "సెక్యురిటాస్ రెయిపుబ్లికే". ఈ రెండూ జంటగా 364–378 మధ్య, వాలెంటీనియన్, వాలెన్స్, గ్రేషియన్‌లవి. 13 మిల్లీమీటర్ల బుల్లి బిళ్ల మీద విక్టరీ తానే ఖైదీని ఈడుస్తుంటే 380ల నుంచి అయిదో శతాబ్దం దాకా ఎక్కడైనా కావచ్చు, అక్కడ ఊరకే తల బద్దలు కొట్టుకోవద్దు.

పాత పెద్ద బిళ్లల మీద బొరుసున ఉండేది ఎక్కువగా ఒక దేవతనో, ఒక మంచి గుణాన్నో సూచించే స్త్రీమూర్తి. చేతిలో ఏముందో చూడాలి. త్రాసు ఉంటే ఎక్విటాస్ లేదా మొనెటా. చుక్కాని ఉంటే ఫార్చ్యూనా. పాముకు మేత పెడుతుంటే సాలూస్. ఒక చేత్తో పువ్వు, రెండో చేత్తో కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుంటే స్పెస్. పాములు చుట్టుకున్న పొట్టి దండం ఉంటే ఫెలిసిటాస్, ఆలివ్ కొమ్మ ఉంటే పాక్స్.

అక్షరాలు వెలుతురుతో చదవాలి

పైనుంచి పడే ట్యూబులైటు కింద నాణెం చదవలేరు. గదిలో లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చిని బల్ల మీద నాణేనికి పక్కగా, దాదాపు అదే ఎత్తులో పెట్టండి. నాణేన్ని మెల్లగా తిప్పుతుంటే అప్పటిదాకా లేని అక్షరం నీడలోంచి లేస్తుంది, ఇంకాస్త తిప్పితే మాయమవుతుంది. ఎనిమిది దిక్కుల నుంచి ఎనిమిది ఫొటోలు తీసి, నలుపు తెలుపుకు మార్చి పక్కపక్కన పెట్టుకుంటే కంటితో దొరకనివి కూడా దొరుకుతాయి.

రాత సాధారణంగా ఎడమ అడుగున, గడియారంలో ఏడు ఉండే చోట మొదలై గడియారం ముల్లు తిరిగే దిశలోనే తిరుగుతుంది. అందులో సగం పేరు కాదు, బిరుదులే. ఐ-ఎమ్-పి అంటే ఇంపెరాటర్. ఎ-వి-జి అంటే అగస్టస్, అసలు చక్రవర్తి. ఎన్-ఓ-బి సి అంటే యువరాజు. డి-ఎన్ తో మొదలైతే "మా ప్రభువు" అని, చాలావరకు నాలుగో శతాబ్దం లేదా తర్వాతిది. డి-ఐ-వి తో మొదలైతే చచ్చి దేవుడైనవాడు, నాణెం ఆయన పోయాక వేసిందన్నమాట.

మొదటి రెండు శతాబ్దాల నాణేల మీద సి-ఓ-ఎస్ పక్కన అంకె ఉంటుంది. కాన్సుల్ అనే ఉన్నత పదవిని ఎన్నోసారి చేపట్టాడో అది చెప్తుంది. ట్రాజన్ నాణెం మీద అంకె అయిదైతే 103–111, ఆరైతే 112–117. హేడ్రియన్ దగ్గర ఈ ఎత్తు పారదు. 119లో మూడోసారి కాన్సుల్ అయి, 138లో పోయేదాకా మళ్లీ ఆ పదవి తీసుకోలేదు. పక్కన పి-పి, అంటే "దేశపిత" అన్న బిరుదు, ఉంటే 128 లేదా తర్వాతిదని మాత్రం తెలుస్తుంది.

కాన్‌స్టంటైన్ కుటుంబం పేర్లు పెట్టే తలనొప్పికి ఒక మందుంది. సి-ఓ-ఎన్-ఎస్-టి-ఎ-ఎన్ దాకా అందరికీ ఒకటే. ఆ ఎన్ తర్వాత ఎస్ వస్తే కాన్‌స్టన్స్. టి-ఐ వచ్చి, దాని పక్కన ఎన్ ఉంటే కాన్‌స్టంటైన్, తండ్రో కొడుకో. టి-ఐ పక్కన వి ఉంటే కాన్‌స్టాన్షియస్. తండ్రికి తరచుగా ఎమ్-ఎ-ఎక్స్, కొడుక్కి ఐ-వి-ఎన్ తగిలిస్తారు.

అడుగున ఉన్న గుర్తు

బొరుసు బొమ్మ కాళ్ల కింద గీత, గీత కింద మూడు నుంచి ఆరు అక్షరాలు. ఇది టంకశాల చిరునామా. మూడో శతాబ్దం చివర్నుంచి దాదాపు అన్నింటికీ ఉంటుంది. మధ్యలో ఉన్నవి ఊరి పేరు, ముందో వెనకో ఉన్న ఒక్క అక్షరం ఆ టంకశాలలో ఏ విభాగమో చెప్తుంది. పడమటి ఊళ్లలో ఎక్కువగా పి, ఎస్, టి, క్యు అని ఒకటీ రెండూ మూడూ నాలుగు లెక్క, తూర్పున ఆల్ఫా, బీటా, గామా, డెల్టా.

టి-ఆర్ అంటే ట్రియర్. ఎల్-జి లయాన్. ఎల్-ఓ-ఎన్ లండన్, అది 325లో మూతపడింది. ఎ-క్యు అక్విలేయా. ఎస్-ఐ-ఎస్ సిస్కియా, ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్. టి-ఎస్ థెస్సలొనికా. ఎస్-ఎమ్ తో మొదలయ్యేవి తూర్పువైపు ఎక్కువ. దాని పక్కన హెచ్ ఉంటే హెరాక్లియా, ఎన్ ఉంటే నికొమీడియా, కె ఉంటే సిజికస్, ఎ-ఎన్ ఉంటే అంటియోక్, ఎ-ఎల్ ఉంటే అలెగ్జాండ్రియా. ఒక మెలిక ఉంది. సి-ఓ-ఎన్-ఎస్ తర్వాత గ్రీకు అక్షరం వస్తే కాన్‌స్టాంటినోపుల్. అదే సి-ఓ-ఎన్-ఎస్-టి కి ముందు పి, ఎస్, టి లలో ఒకటి ఉంటే అది ఫ్రాన్స్‌లోని ఆర్ల్. ఆ ఊరికి కొన్నాళ్లు చక్రవర్తి కుటుంబం పేరే పెట్టారు.

ఒక నాణెంతో మొత్తం నడిచి చూద్దాం

18 మిల్లీమీటర్లు, 2.3 గ్రాములు. అంటే ఎ-ఇ 3, బరువును బట్టి 330ల మొదటి సగం అని ఊహ. తల మీద ఆకుల దండ, కుడివైపు చూపు, ఒంటి మీద కవచం. ముత్యాల పట్టీ లేదు కాబట్టి యువరాజు కావచ్చు. వెనక ఇద్దరు సైనికులు, మధ్యలో రెండు కర్రలు స్పష్టంగా ఉన్నాయి. 330–335 ఖాయమైంది. ఇంకా ఒక్క అక్షరం చదవలేదు.

టార్చి పెట్టి తిప్పితే ముందువైపు కుడి సగం లేచింది: …టి-ఐ-వి-ఎస్ ఎన్-ఓ-బి సి. ఐ పక్కన వి, కాబట్టి కాన్‌స్టాన్షియస్. ఎన్-ఓ-బి సి, కాబట్టి ఇంకా యువరాజే. 324లో సీజర్ అయి, 337లో తండ్రి పోయాక చక్రవర్తి అయిన రెండో కాన్‌స్టాన్షియస్ ఇతను. అడుగున ఎస్-ఎమ్-ఎ తర్వాతి అక్షరం అరిగింది. ఎన్ అయితే అంటియోక్, ఎల్ అయితే అలెగ్జాండ్రియా. భూతద్దంలో చూస్తే రెండు నిలువు గీతల పైకొసలు కనిపిస్తున్నాయి. ఎల్‌కు ఒకటే నిలువు గీత ఉంటుంది. కాబట్టి అంటియోక్. విభాగం అక్షరం పోయింది, పోతే పోయింది.

ముఖం వైపు ఒక్కసారైనా చూడలేదని గమనించారా?

ఇదే నాణెం మీద ఒకే ధ్వజం ఉండి, ఎన్-ఓ-బి సి బదులు ఎ-వి-జి ఉంటే కథ మారుతుంది. ముగ్గురు కొడుకులూ 337 సెప్టెంబరులో అగస్టస్‌లు అయ్యారు, కాబట్టి అది ఆ తర్వాతిది. ఈ తేడా ఉత్త చరిత్ర కోసం కాదు, ఏ సంపుటం తెరవాలో దీన్నిబట్టే తేలుతుంది. రోమన్ ఇంపీరియల్ కాయినేజ్, అందరూ ఆర్‌ఐసి అనేది, 313–337కు ఏడో సంపుటం, 337–364కు ఎనిమిదో సంపుటం. ఆరో సంపుటం నుంచి నంబర్లు టంకశాలవారీగా మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. అందుకే ఊరి పేరు లేకుండా "ఆర్‌ఐసి 7, ఫలానా నంబరు" అని ఎవరైనా అమ్మకానికి పెడితే ఆ నంబరుకు అర్థం లేదు.

ఆ సంపుటాల ధర చూసి బెదిరిపోనక్కర్లేదు. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ, న్యూయార్క్ యూనివర్సిటీ వాళ్ల సంస్థ కలిసి నడిపే ఓక్రే అనే ఉచిత వెబ్‌సైటులో ఆ రకాలన్నీ వెతకొచ్చు. చక్రవర్తి, టంకశాల, కాలం ఎంచుకుని, రాతలో కనిపించిన ముక్క టైప్ చేస్తే చాలు. చాలా రకాలకు మ్యూజియంల ఫొటోలు కూడా ఉంటాయి. ముఖాన్ని పోల్చాల్సింది ఇప్పుడు, ఇక్కడ. వందమందితో కాదు, మిగిలిన ముగ్గురితో.

దొంగ నాణేలు

నాలుగో శతాబ్దపు చిల్లర నాణేలకు దొంగవి తక్కువ, చవకవి కాబట్టి. అనుమానించాల్సింది సెస్టర్షియస్‌లను, అందులోనూ టైటస్ చక్రవర్తి వేయించిన కొలోసియం బొమ్మ లాంటి ఖరీదైన బొరుసులను. అసలువి అచ్చుల మధ్య పెట్టి సుత్తితో కొట్టినవి. దొంగవి చాలావరకు పోత పోసినవి. పోత నాణెం అంచు చుట్టూ సన్నటి అతుకు గీత గానీ, దాన్ని ఆకురాయితో రుద్దిన జాడ గానీ ఉంటుంది. మైదానంలో, అంటే బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీ చోట, సూదిమొన లాంటి గుంటలు, అక్షరాల అంచుల్లో సబ్బు అరిగినట్టు మెత్తదనం కనిపిస్తాయి. బరువు మామూలుకు బాగా తేడాగా ఉంటే అదీ ఒక హెచ్చరిక. పదహారో శతాబ్దంలో పాడువా ఊరి జొవాన్ని కావినో సెస్టర్షియస్‌లను అనుకరిస్తూ చేసినవి ఎంత బాగుంటాయంటే వాటినే ఇప్పుడు విడిగా సేకరిస్తారు.

ఇంకో మోసం పసిగట్టడం కష్టం. నాణెం అసలుదే, కానీ అరిగిపోయిన జుట్టును, అక్షరాలను ఈమధ్యే ఉలితో తిరిగి చెక్కి ఉంటారు. అక్షరాల చుట్టూ మైదానం అసహజంగా నున్నగా, పల్లంగా ఉండి, జుట్టు గీతలు మాత్రం నిన్న గీసినట్టు పదునుగా ఉంటే డబ్బు తీయకండి.

చీటీ రాయండి

ప్రతి నాణేనికి ఒక కాగితపు కవరు. మెత్తటి పివిసి ప్లాస్టిక్ కవర్లు వద్దు, వాటి నుంచి వచ్చే ఆమ్లం కంచును తింటుంది. కవరు మీద బరువు, అడ్డుకొలత, చదివిన రాత, బొరుసు వర్ణన, టంకశాల గుర్తు, ఎప్పుడు ఎక్కడ కొన్నారో రాయండి. కంటికి కనిపించిన అక్షరాలను మామూలుగా, ఊహించి నింపినవాటిని బ్రాకెట్లలో రాయాలి. పై ఉదాహరణలో కాన్‌స్టాన్షియస్ పేరులో మొదటి సగం బ్రాకెట్లలోకి వెళ్తుంది, విభాగం అక్షరం చోట ఒక చుక్క పెట్టాలి. గట్టిగా తేలని దాని పక్కన ప్రశ్నార్థకం పెట్టండి. ఫొటోల ఫైలు పేరుకూ, కవరుకూ ఒకే నంబరు ఇవ్వండి.